వెనక్కి నడిచిన కండక్టర్

కొత్తగా కండక్టర్లుగా చేరిన పిల్లలు బస్టాండులో నన్ను చూస్తే ఒకటే ప్రశ్న అడుగుతారు. "సార్, బస్సులో వెనక్కి నడిచే కండక్టర్ మీరేనట కదా?" అని. నేనే. అయితే వాళ్లకు ఈ సంగతి చెప్పినవాళ్లు సగమే చెప్పారు. నేను ఎలా గెలిచానో చెప్పి, నన్ను ఎవరు ఏమన్నారో వదిలేశారు. నాకది నచ్చలేదు. అందుకే నేనే రాస్తున్నాను. పేర్లు మాత్రం రాయను. మా డిపో ఏ ఊళ్లో ఉందో కూడా చెప్పను. చెబితే మా కంట్రోలర్ ఎవరో తెలిసిపోతుంది. ఆయన ఇప్పటికీ పొద్దున నడకకు వస్తాడు. నేను ఎదురుపడితే రోడ్డు దాటి అవతలి పక్కకు పోతాడు. నాకు ఆ మాత్రం చాలు.

నా సర్వీసులో ఎక్కువ భాగం కోదాడ, మిర్యాలగూడ మధ్యనే గడిచింది. కండక్టర్‌కు బస్సులో పట్టుకోవడానికి చేతులు ఉండవు. ఒక చేతిలో టికెట్ మిషను, ఇంకో చేతిలో చిల్లర. అందుకని సీటు అంచుకు తుంటి ఆనించి నిలబడతాం. నేను ఎప్పుడూ ఎడమ తుంటి ఆనించేవాణ్ణి. చివరికి ఆ తుంటే పోయింది. ఆనించడం వల్ల కాదు, కీలులోని బంతికి రక్తం అందక అరిగిపోయిందని డాక్టర్లు చెప్పారు. కాలు పొట్టిదైంది. కుంటుతూ డ్యూటీ చేశాను. ఒక రోజు, ఎవరు ఏ బస్సు మీద పోవాలో చెప్పే కంట్రోలర్ ప్రయాణికులందరి ముందూ, "ఏందయ్యా, పొద్దుగాలనే వేసుకొచ్చినవా, ఊగుతున్నవ్?" అన్నాడు. నేను జీవితంలో కల్లు కూడా ముట్టలేదు. ఆ మాట అన్నప్పుడు ఆయన ఏ రంగు చొక్కా వేసుకున్నాడో కూడా నాకు గుర్తుంది.

సూర్యాపేటలో ఒక ప్రైవేటు దవాఖానలో తుంటి మార్పిడి చేయించుకున్నాను. నొప్పి పోయింది. అది నిజం, ఆ డాక్టరుకు దక్కాల్సింది దక్కాలి. ఆపరేషన్ మర్నాడు ఆయన వచ్చి, దుప్పటి తీసి, నా రెండు మడమలు జతచేసి చూపించాడు.

"చూడు, రెండు కాళ్లు సమానం చేసిన. ఇగ కుంటుడు ఖతం."

నేను చూశాను. కుడి పాదం నిటారుగా ఉంది. ఎడమది ముందుకు వాలిపోయి ఉంది. పైకి లేపుదామని చూశాను, లేవలేదు. అది నా కాలు కానట్టు ఉంది.

"సార్, పాదం లేస్తలేదు."

"నరం జర అలిగింది. అదే వస్తది," అన్నాడు ఫోన్ చూసుకుంటూ.

"ఎప్పుడొస్తది సార్?"

"నువ్వు కండక్టర్‌వి కదా. స్టేజీ రానిది బస్సు దిగుతరా ఎవరన్న? అట్లనే."

పక్కనున్న నర్సులు నవ్వారు. నేను నవ్వలేదు. నరం అలిగిందట. అలిగే హక్కు అక్కడ నాకు ఉండాలి కానీ నరానికి ఎందుకు?

నా భార్య కోదాడలో అంగన్‌వాడీ టీచర్. సెలవు దొరకలేదు. అందుకని దవాఖాన నుంచి మా అక్క నన్ను వేములపల్లికి, తన ఇంటికి తీసుకుపోయింది. అక్క నాకంటే పెద్దది, నన్ను ఎత్తుకుని పెంచింది, నాలాగే మొండిది. పాదం చల్లగా, మొద్దుగా ఉందని చెప్పగానే పెనం మీద రాళ్ల ఉప్పు వేయించి, గుడ్డలో మూటకట్టి కాపడం పెట్టింది. మా ఇళ్లల్లో ఏ కాలు పట్టేసినా అదే మందు. నాకు హాయిగానే ఉంది, ఎందుకంటే ఏమీ తెలియలేదు. "వేడి తగుల్తుందా?" అని అడిగింది. "లేదు, ఇంకొంచెం పెట్టు," అన్నాను. తెల్లారి చూస్తే పాదం మీద బొబ్బలు తేలాయి.

మళ్లీ సూర్యాపేట. డాక్టరు పాదం చూసి అక్క మీద మండిపడ్డాడు. "చదువు లేనోళ్లతోని ఇదే పరేషాన్. మొద్దుబారిన కాలికి వేడి పెడ్తరా ఎవరైనా?"

అక్క ఏడుపు మొహం పెట్టింది. అప్పటిదాకా నా గురించి అన్న మాటలను దాచుకున్నాను. అక్కను అన్న మాటను దాచుకోలేదు.

"సార్, మొద్దుబారిందని, వేడి పెట్టొద్దని మాకు ఎవరు చెప్పిన్రు? నరం అలిగిందన్నరు. అలిగినదాన్ని బతిమిలాడాలె అనుకున్నం. చదువుకున్నోళ్లు ఒక్కమాట చెప్పి ఉంటే ఈమె ఉప్పు వేయించేదే కాదు."

ఆయన కుర్చీ నా దగ్గరికి జరుపుకున్నాడు. తర్వాత తలుపు వేయించి, మొదటిసారి మనిషితో మాట్లాడినట్టు మాట్లాడాడు. నా కాలు ఏళ్లుగా పొట్టిదై ఉందని, ఒక్కసారిగా పొడుగు చేసేసరికి తుంటి వెనక పోయే పెద్ద నరం సాగిందని, పాదాన్ని పైకి లేపేది అందులోని పాయేనని చెప్పాడు. ఇలా కొద్దిమందికి అవుతుందట. నెలలు పడుతుందట. కొంత రావచ్చు, అంతా రావచ్చు, రాకపోనూవచ్చు. ఈ మాట ఆపరేషన్‌కు ముందు చెప్పినా నేను ఒప్పుకునేవాణ్ణే. నొప్పి అంత ఉండేది. చెప్పకపోవడమే నా ఫిర్యాదు.

"నెలనెలా చూపించుకోను వస్త గదా సార్," అన్నాను. "వచ్చినప్పుడల్లా మీ వరండాల కూర్చుంట. తుంటి ఆపరేషన్‌కు వచ్చిన ప్రతి ఒక్కరికి ఈ పాదం చూపిచ్చి, మీరు ఇప్పుడు చెప్పిన ముచ్చట చెప్త."

ఊరికే బెదిరిస్తున్నానని అనుకున్నాడు. నేను ఊరికే బెదిరించను.

బొబ్బలు మానాక సెలవు పొడిగించుకోవడానికి డిపోకు వెళ్లాను. పాదం నేలకు తగలకుండా ఉండాలంటే మోకాలు పైకెత్తి అడుగు వేయాలి. గేటు దగ్గర కంట్రోలర్ చూశాడు.

"కొంగ వచ్చిందిరోయ్," అని లోపలికి వినపడేటట్టు అన్నాడు. "రా రా. నీకోసం నా పక్కన స్టూలు ఏసి పెట్టిన. వచ్చే బస్సు, పోయే బస్సు చూసి నంబర్లు చెప్తుండు. ఇగ నీకు రోడ్డు ఎందుకు?"

ఇద్దరు ముగ్గురు డ్రైవర్లు నవ్వారు. ఎవరెవరో చెప్పగలను.

లోపల మేనేజరు కూడా అదే చెప్పాడు, కొంచెం మర్యాదగా. అంతకుముందే నా పాదం చూసిన సంస్థ డాక్టర్ల బోర్డు, కాలికి పట్టీ వేసుకుని పనిచేయగలిగితే చేయనివ్వవచ్చని, ఆ సంగతి డిపోలోనే తేల్చుకోవాలని రాసిందట. "కదిలే బస్సు మీద నిన్ను పంపి, రేపు పడితే నేను ఏం జవాబు చెప్పాలె? గేటు డ్యూటీ తీసుకో. జీతం అదే," అన్నాడు.

జీతం అదే. కానీ ఆ స్టూలు కంట్రోలర్ పక్కన ఉంది. రిటైరయ్యేదాకా రోజూ ఆయన మొహం చూస్తూ, ఆయన జోకులకు మిగతావాళ్లు నవ్వుతుంటే వింటూ కూర్చోవాలి. అంతకంటే పెద్ద సంగతి ఇంకొకటి. నేను బస్సు మీద మనిషిని. నేరేడుచర్లలో ఎక్కే కూరగాయల ముసలమ్మకు నా పేరు తెలియదు, నా గొంతు తెలుసు. ఆ స్టూలు మీద కూర్చుంటే నన్ను ఎవరూ పిలవరు. "సార్, బస్సు మీద చేసి చూపిస్త. ఒక్క ట్రిప్పు ఇయ్యండి. పడితే స్టూలు ఎక్కుత," అన్నాను. మేనేజరు ఒప్పుకున్నాడు. దసరా తర్వాత చూద్దామన్నాడు. కంట్రోలర్ మాత్రం స్టూలు తీయలేదు.

కోదాడలో ఫిజియోథెరపీ చేసే అమ్మాయి ఉంది. నా కూతురు వయసు. చిన్న గది, ఒక మంచం, గోడకు కట్టిన రెండు కర్రలు. పిక్క మీద కరెంటు పెట్టి నరాన్ని తట్టి లేపేది. పాదం కిందికి వాలకుండా పట్టి ఉంచే ప్లాస్టిక్ పట్టీ ఇచ్చింది. మొదటి రోజే అడిగాను.

"నరం వస్తదా అమ్మా?"

"వచ్చుద్దో రాదో నేను చెప్పలేను అంకుల్. అది రాకపోయినా మీరు నడిచేలా చేస్తాను. అది నా పని."

ఆమె మీద నేను ఈ రోజు వరకూ ఒక్క ఫిర్యాదూ చేయలేదు. నన్ను ఎరిగినవాళ్లకు దాని విలువ తెలుస్తుంది.

పట్టీ వేసుకుంటే చదును నేల మీద బాగానే నడిచేవాణ్ణి. మా బస్సుల్లో చదును నేల ఎక్కడుంది? రేకు మీద రేకు, అతుకుల దగ్గర అంచులు, బయటికి పొడుచుకొచ్చిన బోల్టులు. ఏళ్ల తరబడి నాతో కలిసి తిరిగిన డ్రైవరు ఒకడున్నాడు. చుట్టం కాదు కానీ "బావా" అని పిలుచుకుంటాం. డిపో నుంచి బస్టాండు దాకా ఖాళీ బస్సు తెచ్చేటప్పుడు నన్ను ఎక్కించుకుని నడిపించి చూసేవాడు. ప్రతిసారీ బూటు కొన అతుకుకు తగిలేది. రెండుసార్లు సీటు మీద పడ్డాను. వాడు అద్దంలో చూసి బస్సు మెల్లగా చేసేవాడు. ఆ మెల్లగా చేయడమే నాకు ఎక్కువ బాధనిపించేది.

అప్పుడు వేములపల్లిలో నాట్లు ఆలస్యంగా పడ్డాయి. అక్క కబురు పెడితే ఆదివారం పోయాను. ఆమె పొలం ఇంటి వెనకే. బురద మడిలో ఆడవాళ్లు వరుసగా వంగి నాటుతూ వెనక్కి వెనక్కి వస్తున్నారు. నేను గట్టు పక్కన గట్టి నేల మీద అలవాటు కోసం అటూ ఇటూ నడుస్తున్నాను. గడ్డి దుబ్బుకు కాలు తట్టుకుని కంచె పట్టుకున్నాను.

"ముందుకు పోయేకాడల్లా తట్టుకుంటున్నవ్," అంది అక్క నడుము ఎత్తకుండానే. "మమ్మల్ని సూడు. మోకాలు లోతు బురదల దినమంతా నడుస్తం. ఎవరన్న పడ్తున్నరా?"

"మీరు ఎనకకు నడుస్తరు అక్కా."

"మరి నువ్వు కూడ ఎనకకు నడువురా. నిన్ను ఎవరు వద్దన్నరు?"

మడిలో ఉన్న వాళ్లంతా నవ్వారు. "సారుకు నారు కట్ట ఇయ్యిండ్రి," అంది ఒకామె. నాకు కోపం వచ్చింది. కోపంతోనే, వాళ్లకు చూపిద్దామని, కంచె పట్టుకుని వెనక్కి అడుగు వేశాను. తగల్లేదు. ఇంకొకటి వేశాను. అదే గడ్డి దుబ్బు దాటాను. కాలు పాడైనప్పటి నుంచి ఇంత సాఫీగా నడవలేదు. కంచె చివరిదాకా పోయాను. నవ్వులు ఆగాయి.

మర్నాడే కోదాడలో ఆ అమ్మాయికి చేసి చూపించాను. ఆమె నేల మీద కూర్చుని నా పాదాన్నే చూసింది.

"ముందుకు వేస్తే మడమ ముందు ఆనాలి అంకుల్. మీ పాదం లేవదు కాబట్టి వేళ్లు తగులుతున్నాయి. వెనక్కి వేస్తే వేళ్లే ముందు ఆనాలి. అది మీ పాదానికి ఇప్పుడు కూడా చేతనవుద్ది."

"అయితే బస్సుల వెనక్కే నడుస్త."

ఆమె నవ్వబోయి, నా మొహం చూసి ఆగింది. "తుంటి మార్చిన మనిషి వెల్లకిలా పడితే కీలు జారుద్ది. అప్పుడు ఎక్కడికి పోవాలో తెలుసా?"

"చెప్పు."

"మళ్లీ సూర్యాపేట."

"అయితే పడను," అన్నాను.

ఆమె కూడా మొండిదే. నా నడుముకు బెల్టు కట్టి, వెనక నుంచి తను పట్టుకుని, గది అంతా వెనక్కి నడిపించింది. ఎడమ తుంటి ఆనించే అలవాటు మాన్పించి కుడి వైపు ఆనడం నేర్పింది. తర్వాత బావ బస్సు. డ్రైవరు వెనక నుంచి మొదలుపెట్టి, ముందు అద్దం వైపు మొహం పెట్టి, వెనక సీటు దాకా వెనక్కి నడిచేవాణ్ణి.

"బావా, బ్రేక్ కొడుతున్న, సూస్కో," అనేవాడు.

"చెప్పి కొడితే అది బ్రేకేందిరా? చెప్పకుండ కొట్టు."

కొట్టేవాడు. మొదట్లో ఊగాను. తర్వాత ఊగలేదు.

పరీక్ష రోజు వచ్చింది. కోదాడ నుంచి మిర్యాలగూడ పోయే ఆర్డినరీ బస్సు, స్టీరింగ్ దగ్గర బావే. మేనేజరు మామూలు బట్టల్లో ఎక్కి ముందు సీటులో కూర్చున్నాడు. బస్టాండులో బస్సు ఆగి ఉన్నప్పుడే సగం టికెట్లు కొట్టేయవచ్చు, చాలామంది అదే చేస్తారు. కంట్రోలర్ దాన్ని పసిగట్టి ముందే మేనేజరు చెవిలో వేశాడు. "నిలబెట్టి కొట్టనియ్యొద్దు సార్. కదిలినంక కొట్టమనండి, సంగతి తెలుస్తది." ఆ సలహాకు నేను ఇప్పటికీ ఆయనకు కృతజ్ఞుణ్ణి. అది లేకపోతే నా గెలుపు సగమే అయ్యేది.

బస్సు కదిలింది. ఆడవాళ్లకు ప్రయాణం ఉచితమైనప్పటి నుంచి బస్సు నిండా వాళ్లే. డబ్బు తీసుకోకపోయినా ఆధార్ కార్డు చూసి ప్రతి ఒక్కరికీ టికెట్ కొట్టాల్సిందే, అదీ స్టేజీ దాటేలోపు. నేను డ్రైవరు వెనక నిలబడి, అద్దం వైపు మొహం పెట్టి, వెనక్కి అడుగు వేశాను.

"ఏందయ్యా, రివర్స్ గేరేసినవ్?" అన్నాడు ఒక పెద్దాయన.

"మీ మొకాలు చూసుకుంట పోదామని."

"మా మొకాలల్ల ఏమున్నది? ఆధార్ కార్డుల మొకాలు చూడు, అవి ఇంకా అన్యాయం," అంది పక్క సీటామె. బస్సు నవ్వింది. ఈ నవ్వులో నాకు తప్పు కనిపించలేదు.

హుజూర్‌నగర్ వచ్చేలోపు అందరికీ టికెట్లు కొట్టాను. అక్కడ ఇంకా ఎక్కారు. బస్సు ఆగి ఉన్నప్పుడే రెండు చేతులా సీట్లు పట్టుకుని ముందుకు వచ్చి, మళ్లీ మొదలుపెట్టాను. మేనేజరు లేచి, నడవలోకి వచ్చి, నా ఎదురుగా నిలబడ్డాడు. అంటే ఆయన వీపు అద్దం వైపు, నా మొహం అద్దం వైపు.

"చేస్తున్నవు కానీ, ఇదేం పద్ధతయ్యా? వెనక ఏమున్నదో చూడకుండ నడుస్తవు. రేపు ఎవరి మీదనో పడితే?"

జవాబు చెప్పబోతుండగా ఆయన భుజం మీదుగా రోడ్డు కనిపించింది. మేళ్లచెరువు వైపు నుంచి వచ్చిన సిమెంటు లారీ ఒకటి, పక్క దారిలోంచి ఆగకుండా రోడ్డు మీదికి ఎక్కుతోంది. ఆలోచించలేదు. "అందరు పట్టుకోండ్రి," అని అరిచి, కుడి తుంటి సీటుకు ఆనించి, మోచేయి కడ్డీకి మెలిపెట్టాను. బావ బ్రేక్ కొట్టాడు. ఈసారి నిజం బ్రేక్.

మేనేజరు దేన్నీ పట్టుకోలేదు. వెల్లకిలా ఇంజను వైపు పోతున్నాడు. నేను మిషను వదిలేశాను. అది మెడలో తాడుకు వేలాడింది. ఆ చేత్తో ఆయన చొక్కా, దాంతోపాటు బెల్టు, దొరికినంత పట్టుకుని లాగాను. ఇద్దరం నిలబడ్డాం. లారీ మా ముందు నుంచి పోయింది. నిలబడి ఉన్నవాళ్లలో నా మాట విన్నవాళ్లు కడ్డీలు పట్టుకుని ఉన్నారు. ఎవరికీ దెబ్బ తగల్లేదు.

ఆయన చొక్కా గుండీలు సర్దుకుని కూర్చున్నాడు. అప్పుడు అడిగాడు.

"నీకు ముందే ఎట్ల కనపడ్డది?"

"నేను రోడ్డు దిక్కే చూస్తున్న గదా సార్. తక్కిన కండక్టర్లు రోడ్డుకు వీపు పెట్టి వెనకకు పోతరు. వెనక ఏమున్నదో చూడనిది ఎవరు?"

మేనేజరు తల తిప్పి అద్దంలోంచి రోడ్డు వైపు చూశాడు. మిర్యాలగూడలో దిగాక నా కోసం కూడా టీ చెప్పాడు. "రేపటి సంది ఈ రూటే. పట్టీ మర్చిపోకు," అన్నాడు.

ఇంకొకరైతే దండం పెట్టి ఊరుకునేవారు. "సార్, ఈ మాట కంట్రోలర్ ముందట చెప్పాలె," అన్నాను. ఆయన నన్ను చూసి, టీ గ్లాసు పక్కన పెట్టి, నవ్వాడు. "కాలుల ఒక నరం పోతే పోయిందయ్యా. నీకు బుర్రల ఒక నరం ఎక్కువున్నది," అన్నాడు. కానీ చెప్పాడు. సాయంత్రం డిపోలో, అందరి ముందూ. కంట్రోలర్ డ్యూటీ బోర్డు మీద నా నంబరు రాయాల్సి వచ్చింది. ఆయన రాసేదాకా నేను అక్కడే నిలబడ్డాను. సుద్ద ముక్క రెండుసార్లు విరిగింది. స్టూలు ఎప్పుడు తీసేశాడో తెలియదు, మర్నాటికి లేదు.

సూర్యాపేట వరండాలో నేను చెప్పినట్టే కూర్చున్నాను, నెలనెలా. ఎవరి మీదా నింద వేయలేదు. పాదం చూపించి, జరిగింది చెప్పాను, నొప్పి పోయిన సంగతి కూడా చెప్పాను. కొన్నాళ్లకు డాక్టరే ఒక నర్సును పెట్టి, ఆపరేషన్‌కు ముందు ప్రతి ఒక్కరికీ నరం సంగతి చెప్పించడం, ఇంటికి పంపేటప్పుడు మొద్దుబారిన కాలికి వేడి పెట్టొద్దని ఇంటివాళ్ల చేత తిరిగి చెప్పించుకోవడం మొదలుపెట్టాడు. రెండో వానాకాలం దాటాక కోదాడ గదిలో నా బొటనవేలు దానంతట అది పైకి లేచింది. ఆ అమ్మాయి అరవలేదు, మళ్లీ లేపమంది. లేపాను. పాదం ఇప్పుడు ముప్పాతిక లేస్తుంది. చూపించడానికి పోతే డాక్టరు కుర్చీలోంచి లేచి, మా అక్క బాగుందా అని అడిగాడు. ఆ అడగడం ఆలస్యమే, కానీ లెక్కలోకి తీసుకున్నాను.

పిల్లలూ, ఎవరో ఏదో అంటే మర్చిపొమ్మని మీకు చాలామంది చెబుతారు. నేను చెప్పను. గుర్తుపెట్టుకోండి. కానీ దాన్ని పట్టుకుని ఇంట్లో కూర్చోకండి. డ్యూటీకి రండి.

మళ్లీ డ్యూటీ ఎక్కిన మొదటి పొద్దు గురించి చెప్పి ముగిస్తాను. పాలకీడు వైపు కూలికి పోయే ఆడవాళ్లతో బస్సు కిక్కిరిసిపోయింది. ఎవరికీ నా కాలి సంగతి తెలియదు. వెనక్కి అడుగు వేస్తూ టికెట్లు కొడుతుంటే, నా నడుము ఒకామె గంపకు తగిలింది.

"ఏమయ్యా కండక్టరూ, గంప కనపడ్తలేదా?" అని మొదలుపెట్టింది. "జీతం తీసుకుంటలేవా? ఇంత మనిషివి, నిలబడనీకి రాదా? గవర్నమెంటు నీలాంటోళ్లను బస్సులెక్కించి మా పానాలు తీస్తున్నది. జరుగు, జరుగు, టికెట్ కొట్టు, నా స్టేజీ వస్తున్నది."

నేరేడుచర్ల దాకా తిట్టింది. పక్కనున్నవాళ్లు కూడా ఆమెకు వత్తాసు పలికారు. నన్ను చూసి ఒక్కరూ జాలిపడలేదు, ఒక్కరూ నా కాలి వైపు చూడలేదు. అన్ని బస్సుల్లో అందరు కండక్టర్లనూ తిట్టినట్టే నన్నూ తిట్టారు.

టికెట్ కొట్టి ఇచ్చాను. ఆమె మీద మాత్రం నేను ఎక్కడా ఫిర్యాదు చేయలేదు.